పాత బ్యూయిక్ రివియెరా కొనబోతున్నారా? ముందు కారు కింద దూరండి

నేను కొన్న 1964 రివియెరాని మొదటిసారి చూసింది డాలస్ శివార్లలో ఒక గరాజ్‌లో, సాయంత్రం ఆరింటికి. నల్ల రంగు అద్దంలా మెరుస్తోంది. అమ్మే పెద్దాయన తాళం తిప్పగానే వీ8 ఇంజన్ గుడగుడమంది. అంతే, నా బుర్ర పనిచేయడం మానేసింది. గంటలో బేరం, మర్నాడు బ్యాంకు, మూడో రోజుకి కారు మా ఇంటి ముందు.

ఆరు నెలల తర్వాత మా నాన్న వచ్చాడు. గుంటూరులో డెంటింగ్ షెడ్డు పక్కనే ఇరవై ఏళ్లు స్పేర్ పార్టుల కొట్టు నడిపిన మనిషి. కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తారే, అలా వెనక చక్రం చుట్టూ వేలి ముడితో నాలుగు చోట్ల కొట్టాడు. "ఒరే, ఇక్కడ రేకు లేదురా. అంతా లప్పమే," అన్నాడు. గీకించి చూస్తే అర అంగుళం మందాన లప్పం, దాని వెనక జల్లెడలా తినేసిన రేకు. దాన్ని కోసి కొత్త రేకు అతికించి రంగు వేయించడానికి నాకు అయిన ఖర్చు కారు ధరలో దాదాపు సగం.

అందుకే కింద నేను చెప్పే వరుస మీ మనసు కోరుకునే వరుసకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మనసు ముందు ఇంజన్ చప్పుడు వింటానంటుంది. మీరు మాత్రం ముందు కాగితాలు చూడండి, తర్వాత తుప్పు, ఆ తర్వాత క్రోము, లోపలి సామాను. ఇంజన్ ఆఖరు. ఈ కారులో ఇంజన్ బాగుచేయించుకోవచ్చు. పోయిన రేకు, పోయిన క్రోము ముక్క తెచ్చుకోవడమే కష్టం.

ఏ సంవత్సరం కారో తేల్చుకోండి

రివియెరా పేరుతో బ్యూయిక్ 1999 దాకా కార్లు అమ్మింది. నేను చెబుతున్నది మొదటి తరం గురించి: 1963, 64, 65. ఫోర్డ్ థండర్‌బర్డ్‌కి పోటీగా జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ దగ్గరుండి గీయించిన కారు ఇది. మొదట కాడిలాక్ కోసం లాసాల్ అనే పాత పేరుని మళ్లీ బతికిద్దామనుకున్నారు. కాడిలాక్ వాళ్లు వద్దన్నారు. అప్పుడు కంపెనీలోనే బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ దానికోసం పోటీపడితే బ్యూయిక్ దక్కించుకుంది. మొదటి ఏడాది కావాలనే 40,000 కార్లకే పరిమితం చేశారు. అప్పటి ప్రారంభ ధర 4,333 డాలర్లు. మూడేళ్లలో మొత్తం లక్షా పన్నెండు వేల పైచిలుకు తయారయ్యాయి. అంటే మరీ అరుదైన కారేం కాదు. "ఇది పోతే ఇంకోటి దొరకదు" అని అమ్మేవాడు తొందరపెడితే నవ్వి ఊరుకోండి.

1963, 64 కార్లు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, నడిపితే తేడా తెలుస్తుంది. 1963లో ఉన్నది డైనాఫ్లో ట్రాన్స్‌మిషన్ (గేర్లు మార్చే యంత్రాంగం). డ్రైవ్‌లో పెట్టాక గేరు మారినట్టే ఉండదు, వెన్నలా జారుతుంది, కానీ కదలడానికి కొంచెం బద్ధకం. బాగు చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. 1964 నుంచి మూడు గేర్ల సూపర్ టర్బైన్ 400 వచ్చింది. గట్టి సరుకు, ఎవరైనా చేస్తారు. ఇంజన్ 1963లో 401 క్యూబిక్ అంగుళాలది (6.6 లీటర్లు), 425ది అదనపు ధరకి ఇచ్చేవారు. 1964లో 425 అన్నిటికీ వచ్చేసింది. 1965లో మామూలు ఇంజన్‌గా మళ్లీ 401కి దిగారు.

1965ని గుర్తుపట్టడం తేలిక. హెడ్‌లైట్లు కనిపించవు. ముందు ఫెండర్ల చివర ఉన్న గ్రిల్లు, లైటు వేయగానే ఆల్చిప్పలా పైకీ కిందికీ తెరుచుకుంటాయి, లోపల నుంచి దీపాలు బయటపడతాయి. వెనక లైట్లు బంపర్‌లోకి దిగాయి. తలుపు వెనక ఉండే ఉత్తుత్తి గాలి సందులు తీసేశారు. నా కంటికి మూడింటిలో అందమైనది ఇదే. మొదటిసారి కొనేవాళ్లకి మాత్రం 1964 సలహా ఇస్తాను: పెద్ద ఇంజన్, మంచి ట్రాన్స్‌మిషన్, పైగా హెడ్‌లైట్ల మోటారు గొడవ లేదు.

బయల్దేరే ముందు ఫోన్‌లోనే తేలాల్సినవి

అమ్మేవాళ్లని మూడు ఫొటోలు అడగండి: టైటిల్ (మన ఆర్సీ బుక్కు లాంటిది), డ్రైవర్ తలుపు తీస్తే కీలు వైపు స్తంభం మీద కనిపించే నంబరు రేకు, బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య గోడ) మీద ఉండే బాడీ రేకు. టైటిల్ మీద నంబరూ స్తంభం మీద నంబరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి.

ఈ కార్లకి ఇప్పటిలా అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ (కారు గుర్తింపు) నంబరు ఉండదు. అది 1981 మోడళ్ల నుంచి వచ్చిన పద్ధతి. 1963 కారు నంబరు 7జే1 తోనూ, 1964ది 7కే1 తోనూ మొదలవుతుంది, తర్వాత ఆరంకెలు. ఇందులో ఏడు రివియెరా శ్రేణి, జే లేక కే సంవత్సరం, ఒకటి మిషిగన్‌లోని ఫ్లింట్ ఫ్యాక్టరీ. 1965కి పద్ధతి మారింది: 494475హెచ్ తో మొదలై అక్షరం, అంకెలు కలిపి మొత్తం 13 ఉంటాయి. ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి తీసే చరిత్ర రిపోర్టులు ఈ పొట్టి నంబర్లకి పనికిరావు. కాబట్టి ఆ రేకు, ఆ కాగితమే మీకు దిక్కు. రేకు పట్టిన రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, చుట్టూ రంగు గీసుకుపోయి ఉన్నా కారణం అడగండి.

"టైటిల్ మా మామయ్య పేరు మీద ఉంది, ఆయన పోయారు, బిల్లు రాసిస్తాను" అంటే అక్కడే ఆగండి. ముందు అమ్మేవారినే తన పేరు మీదకి మార్పించుకోమనండి. టైటిల్ మీద పాత అప్పు గుర్తు ఉంటే అది తీరినట్టు కాగితం చూపించమనండి. ఇంకో మాట కూడా ఫోన్‌లోనే చెప్పండి: "నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి." ఎందుకో తర్వాత చెబుతాను.

పట్టపగలు వెళ్లండి, పాత బట్టలు వేసుకుని

వెంట తీసుకెళ్లాల్సినవి: ఫ్రిజ్‌కి అంటించే బలహీనమైన అయస్కాంతం, టార్చిలైటు, కింద పడుకోవడానికి ఓ అట్టముక్క, స్క్రూడ్రైవరు. సాయంత్రం వేళ, వాన పడ్డ రోజు, ట్యూబులైట్ల గరాజ్‌లో చూడొద్దు. తడిసిన ప్రతి కారూ కొత్తదే.

ముందు అయస్కాంతం. గట్టిది వద్దు, అది లప్పం మీద నుంచి కూడా పట్టేసుకుంటుంది. బలహీనమైనదాన్ని వెనక చక్రాల చుట్టూ, చక్రం వెనక కింది భాగంలో, ముందు ఫెండర్ల కింది అంచున, తలుపుల అడుగున జరుపుతూ పోండి. ఎక్కడ జారిపడితే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. మా నాన్న పద్ధతి ఇంకా తేలిక: వేలి ముడితో కొట్టడం. మంచి రేకు టంగుమంటుంది, లప్పం గోడలా మొద్దుగా పలుకుతుంది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

తర్వాత డిక్కీ. కార్పెట్ ఎత్తండి, స్టెపినీ బయటికి తీయించండి. ఈ కార్లలో వెనక అద్దం చుట్టూ ఉన్న క్రోము పట్టీ కింద నీరు చేరి రేకుని తినేస్తుంది. అక్కడి నుంచి నీళ్లు నేరుగా డిక్కీలోకే దిగుతాయి. అద్దం కింది అంచు దగ్గర రంగు బుడగలు లేచి ఉంటే, లోపల జరిగినదాంట్లో పదోవంతే పైకి కనిపిస్తోందని లెక్క. దాన్ని బాగు చేయాలంటే అద్దం తీయాలి, రేకు కోసి అతికించాలి, మళ్లీ రంగు వేయాలి. మొత్తం పనిలో ఖరీదైన మూల ఇదేనని నా అనుభవం.

లోపల కాళ్ల దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. తడి తగిలినా, ముక్కిన వాసన వచ్చినా పైనుంచి నీళ్లు దిగుతున్నట్టే.

ఇప్పుడు అట్టముక్క పరిచి కింద దూరండి. రివియెరాకి ఉన్నది ఎక్స్ ఆకారపు ఫ్రేము. పక్కల పొడుగునా పట్టీలు ఉండవు, మధ్యలో రెండు చేతులూ కలిసి ముందుకీ వెనక్కీ విచ్చుకుంటాయి. వెనక ఇరుసు పైన ఫ్రేము వంపు తిరిగే చోట మట్టి పేరుకుని లోపల నుంచి కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి, అనుమానం వస్తే మొనతో గుచ్చండి (ముందు అమ్మేవారి అనుమతి తీసుకోండి). మొన దిగబడిందంటే ఆ కారు మీది కాదు. లేచి, దులుపుకుని, మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

పక్క పట్టీలు లేకపోవడం వల్ల ఇంకో తంటా ఉంది. ఆయిల్ మార్చే దుకాణాల కుర్రాళ్లు ఇప్పటి కార్లకి పెట్టినట్టే లిఫ్టు చేతుల్ని తలుపుల కింది అంచున పెట్టి ఎత్తేస్తారు, అక్కడ బాడీ నలిగిపోతుంది. తలుపుల కింద వరసగా నొక్కులు కనిపిస్తే కారణం అదే. మీరు కొన్నాక కూడా లిఫ్టు ఎక్కడ పెట్టాలో మెకానిక్‌కి దగ్గరుండి చూపించండి.

క్రోము, అద్దాలు, లోపలి సామాను

ఒక్కో ముక్కా లెక్క చూసుకోండి. గ్రిల్లు, బంపర్లు, అద్దాల చుట్టూ పట్టీలు, పేరు అక్షరాలు అన్నీ ఉన్నాయా? "చిన్న ముక్కే కదా, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది" అని ఎవరైనా అంటే, ఆ ముక్క ధర అక్కడే ఫోన్ తీసి వెతకండి. నొక్కులు పడి, గుంటలు తేలిన బంపరుకి మళ్లీ క్రోము పట్టించడం చౌక పని కాదు.

తలుపు అద్దాలకి ఫ్రేములు లేవు. నాలుగూ దించి ఎక్కించి చూడండి. ఎక్కాక రబ్బరుకి ఆనుకుంటున్నాయా, వెలుతురు సందు కనిపిస్తోందా గమనించండి. లోపల తలుపుకి రెండు హ్యాండిళ్లు ఉంటాయి: ఒకటి ముందు కూర్చున్నవాళ్లకి, రెండోది వెనక కూర్చున్నవాళ్లకి. ముందువాళ్ల మీదుగా వంగకుండా తామే తలుపు తీసుకోవచ్చు. వెనక హ్యాండిల్ చాలా కార్లలో పనిచేయదు. నాకు ఈ కారు మీద ప్రేమ పుట్టించినదాంట్లో ఆ హ్యాండిల్ కూడా ఉంది. రెండు తలుపుల కారులో వెనక సీటు అతిథిని అంతగా పట్టించుకున్నవాళ్లు అరుదు.

1965 అయితే హెడ్‌లైట్లు పదిసార్లు వేసి ఆర్పండి. రెండు వైపులా ఒకేసారి తెరుచుకోవాలి, పూర్తిగా మూసుకోవాలి. "ఫ్యూజు పోయింది అంతే" అన్న మాట నమ్మొద్దు. ఫ్యూజే అయితే మీరు వచ్చేలోపు ఆయనే మార్చి ఉండేవాడు.

ఇప్పుడు బానెట్ ఎత్తండి

స్టార్ట్ చేయొద్దని ఫోన్‌లో చెప్పారు కదా. చేత్తో ఇంజన్ ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు అది చేసే చప్పుడు మీకు వినిపించడం అమ్మేవారికి ఇష్టం లేదని అర్థం.

దీన్ని నెయిల్‌హెడ్ అంటారు. వాల్వులు నిట్టనిలువుగా, చిన్న తలకాయలతో మేకుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఎయిర్ క్లీనర్ మీద "వైల్డ్‌క్యాట్ 445" అని కనబడితే అది ఇంజన్ సైజు కాదు, టార్కు (ఇంజన్ తిప్పే బలం). 401 ఇంజన్ ఇచ్చే 445 పౌండ్-అడుగులు. 425కి "వైల్డ్‌క్యాట్ 465" అని రాసుంటుంది. తెలియనివాళ్లు దాన్నే 445 ఇంజన్ అని ప్రకటనల్లో రాసేస్తుంటారు. అలాంటివాళ్ల దగ్గర మిగతా వివరాలు కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

చల్లటి ఇంజన్ స్టార్ట్ కాగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగని బయటికి చేర్చే ఇనప గొట్టం) పగుళ్లు కావచ్చు, ఇది వీటికి అలవాటైన జబ్బు. ఎంతకీ తగ్గకపోతే లోపలి సంగతి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. వెనక నుంచి ఆయిల్ చుక్కలు పడటం మామూలే, క్రాంకు వెనక ఉండేది తాడు లాంటి పాతకాలపు సీలు. చుక్కలకి భయపడొద్దు, ధార అయితే బేరంలో వాడుకోండి. ఇరవై నిమిషాలు నిలబెట్టి నడవనిచ్చి, వేడి పెరుగుతూ పోతుందేమో చూడండి.

ట్రాన్స్‌మిషన్‌లో రివర్స్ వేయగానే రెండు క్షణాలు ఆలోచించుకుని కదిలితే ఖర్చు ఉన్నట్టే.

గ్రాన్ స్పోర్ట్ అని చెప్పి ఎక్కువ ధర అడుగుతుంటే జాగ్రత్త. 1965లో ఆ ప్యాకేజీకి రెండు కార్బ్యురేటర్ల 425 ఇంజన్, 360 హార్స్‌పవర్, 3.42 గేరు నిష్పత్తి ఉన్న వెనక ఇరుసు వచ్చేవి. బిళ్లలు ఎవరైనా కొని అంటించొచ్చు. ఇంజన్ బ్లాకు ముందు పైభాగంలో కొట్టిన రెండక్షరాల కోడ్ చూడండి. 1965 రెండు కార్బ్యురేటర్లదైతే ఎల్‌ఎక్స్ అని ఉండాలి. ఎల్‌టీ ఉంటే అది మామూలు 401. రివియెరా ఓనర్స్ అసోసియేషన్‌లో చేరితే ఇలాంటివి ఫొటో చూసి చెప్పగల పెద్దవాళ్లు ఉంటారు. సభ్యత్వానికి పెట్టిన డబ్బు మొదటి ప్రశ్నకే తిరిగొస్తుంది.

రోడ్డెక్కే ముందు బ్రేకు

కారు బరువు దాదాపు 4,000 పౌండ్లు, పద్దెనిమిది వందల కిలోలు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ముందువి వేడి పోవడానికి రెక్కలున్న 12 అంగుళాల అల్యూమినియంవి. అప్పటికి గొప్పవే. కానీ పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండరు ఒకటే గొట్టంది: ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఒకేసారి పోతుంది. అందుకని కారు నిలబడి ఉండగానే పెడల్ గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి దిగుతుంటే టెస్ట్ డ్రైవ్ మానేయండి. నాకు ఓ సిగ్నల్ దగ్గర పెడల్ నేలకి అంటుకుంది. పార్కింగ్ బ్రేకు పనిచేసింది కాబట్టి ఇది రాస్తున్నాను. కొన్నాక మొదట చేయించాల్సింది రెండు అరల మాస్టర్ సిలిండర్‌కి మార్పించడం. అసలు సామాను పాడుచేస్తున్నారని గొణిగే శుద్ధవాదుల్ని పట్టించుకోకండి.

టైర్ల పక్కన నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో ఇరవై మూడో వారం. మందం ఎంత బాగున్నా ఆ టైరు ముసలిది.

బేరం, డబ్బు, కాగితం

మోండా మార్కెట్ బేరం ఇక్కడ పనికిరాదు. సగానికి అడిగితే ఫోన్ పెట్టేస్తారు. మీరు చూసిన లోపాల ఫొటోలు, ఒక్కోదానికీ పట్టే ఖర్చు చిన్న కాగితం మీద రాసి చూపించండి. గొంతు పెంచక్కర్లేదు. పాత కార్ల ఇన్సూరెన్సు కంపెనీ హాగర్టీ ధరల పట్టీలో ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలుంటాయి, ఒకటి ప్రదర్శనకి పెట్టేంత గొప్పది. అమ్మేవాళ్లందరూ తమది రెండు అంటారు. చాలావరకు మూడు, కొన్ని నాలుగు.

ముఖాముఖి కొంటే ఇద్దరూ మీ బ్యాంకుకే వెళ్లి అక్కడే క్యాషియర్ చెక్ (మన డిమాండ్ డ్రాఫ్టు లాంటిది) తీయించి ఇవ్వండి, టైటిల్ మీద సంతకం అక్కడే చేయించండి. వేరే రాష్ట్రంలో ఉన్న, చూడని కారుకి అడ్వాన్సు వైర్ చేయమంటే చేయొద్దు. అక్కడి మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించుకోండి.

రిజిస్ట్రేషన్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు కార్లకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. టెక్సాస్‌లో 2025 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు. ఇరవై అయిదేళ్లు దాటినవాటికి అక్కడ యాంటిక్ ప్లేట్ దొరుకుతుంది, కానీ దాంతో రోజూ ఆఫీసుకి వెళ్లడానికి లేదు. ఇన్సూరెన్సుకి "అగ్రీడ్ వేల్యూ" పాలసీనే తీసుకోండి, అంటే కారు పూర్తిగా పోతే ముందే ఒప్పుకున్న మొత్తం చేతికిస్తారు. "స్టేటెడ్ వేల్యూ" అన్నది వినడానికి అలాగే ఉంటుంది, ఇచ్చేటప్పుడు తగ్గించొచ్చు.

ఇంటికి వచ్చాక మొదటి వారం

పెట్రోలు గొట్టాలన్నీ మార్పించండి. ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ పాత రబ్బరుని తినేస్తుంది, అలా కారిన పెట్రోలు పడేది వేడి ఇంజన్ మీద. బ్రేకు గొట్టాలు, బ్రేకు ఆయిల్, కూలెంట్ కూడా. కంప్రెషన్ 10.25 కాబట్టి ప్రీమియం పెట్రోలే పోయండి. ఏనుగు కొన్నాక అంకుశం దగ్గర బేరమాడకూడదు.

ఇక గుడికి తీసుకెళ్తారు, తెలుసు. మేమూ తీసుకెళ్లాం. ఆపగానే ఇంజన్ కింద ఓ అట్టముక్క వేయండి, గుడి పార్కింగ్‌లో ఆయిల్ మరక పడితే తుడవాల్సింది వాలంటీర్లు. పసుపు, కుంకుమ బానెట్ మీద కాకుండా అద్దం మీద పెట్టమని పూజారిగారికి ముందే చెప్పండి. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు డ్రైవ్‌లో పెట్టి బ్రేకు మీద నుంచి కాలు కొంచెం తీస్తే చాలు, దానంతటదే కదులుతుంది. యాక్సిలరేటర్ మీద మాత్రం కాలు వేయకండి, ఎదురుగా జనం ఉంటారు.